గీత పాలిష్‌దా, చెక్కదా తేలాకే గిటారు రేటు

ప్రశ్న: మా వారు ఎనిమిదేళ్లు హ్యూస్టన్‌లో ఉద్యోగం చేసి 2019లో మలికిపురం వచ్చేశారు. వస్తూ గిబ్సన్ కంపెనీ వాళ్ల లెస్ పాల్ స్టాండర్డ్ అనే ఎలక్ట్రిక్ గిటారు తెచ్చుకున్నారు. అక్కడ సెకండ్ హ్యాండ్‌లో 1,600 డాలర్లకు కొన్నారట. ఇప్పుడు రొయ్యల చెరువులతో తీరిక లేదు, పాప ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి, అమ్మేద్దామనుకుంటున్నాం. హైదరాబాద్ నుంచి ఒకాయన ఫొటోలు చూసి 90 వేలు ఇస్తానన్నాడు. మా బావగారి అబ్బాయేమో ఫోన్‌లో ఇదే గిటారు మూడున్నర లక్షలు ఉందని, పాతబడేకొద్దీ వీటి ధర పెరుగుతుందని అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? గిటారు నంబరు 01347తో మొదలవుతుంది, మొత్తం తొమ్మిది అంకెలు. తీగలు బిగించే కీలు మార్చారు, పాతవి కవర్లో ఉన్నాయి. తల వెనక సన్నటి గీత ఒకటి ఉంది.
– ఒక సోదరి, మలికిపురం

జవాబు: అమ్మా, మీరు అన్నీ రాసి ఆఖర్న ఆ గీత సంగతి రాశారు. నేను దానితోనే మొదలుపెడతాను. మీ గిటారు లక్షన్నర చేస్తుందా, డెబ్బై అయిదు వేలా అన్నది మొత్తం ఆ గీత మీదే ఉంది.

లెస్ పాల్ మెడ మహాగని చెక్కతో చేస్తారు. కీలు ఉండే తల భాగం వెనక్కి 17 డిగ్రీలు వాలి ఉంటుంది. సరిగ్గా ఆ వంపు దగ్గరే, మెడలో ఉండే ఇనుప కడ్డీని బిగించడానికి లోపల చెక్క తొలిచేస్తారు. అంటే వంపు తిరిగిన చోటే చెక్క పల్చన. గోడకి ఆనించిన గిటారు వెనక్కి పడితే చాలు, అక్కడ విరుగుతుంది. కేసులో ఉండగా పడినా విరుగుతుంది. పాలకొల్లులో మా ఇంటి వసారాలో నేను రిపేరు చేసిన లెస్ పాల్‌లలో ఎక్కువ భాగం ఈ ఒక్క దెబ్బతో వచ్చినవే. బాగా అతికిస్తే మళ్లీ జీవితాంతం పలుకుతుంది, ఆ విషయంలో బెంగ పెట్టుకోకండి. కానీ అమ్మేటప్పుడు మాత్రం రేటు సుమారు సగానికి పడిపోతుంది.

అన్ని గీతలూ చెక్కవి కావు. గిబ్సన్ వాళ్లు వాడేది నైట్రోసెల్యులోజ్ అనే పల్చటి లక్క. చలికీ వేడికీ చెక్క కదిలినప్పుడు ఈ లక్క దానితోపాటు సాగలేక సన్నగా చిట్లుతుంది. అది లోపం కిందకి రాదు, దానికి ఎవరూ రేటు తగ్గించరు. ఇప్పుడు తేడా పట్టుకునే పద్ధతి చెబుతాను, మీ వారిని కూర్చోబెట్టి ఇద్దరూ చూడండి. గదిలో లైటు తీసేసి, టార్చిని తల వెనక దాదాపు ఆనించినట్టు పడుకోబెట్టి వెలిగించండి. పాలిష్ చిట్లిన గీతలు ఒకటికి నాలుగు ఉంటాయి, అటూ ఇటూ తిన్నగా పోతాయి. చెక్క పగులు చాలాసార్లు ఒక్కటే ఉంటుంది, చెక్క నారను పట్టుకుని వంకరగా పోతుంది. గోరుతో అడ్డంగా గీకి చూడండి, మెట్టులా తగిలితే అనుమానించాలి. తర్వాత తీగలు శ్రుతిలో ఉండగా గీతను దగ్గరగా ఫొటో తీయండి. తీగలన్నీ పూర్తిగా వదులు చేసి అదే చోట నుంచి మళ్లీ తీయండి. వదులు చేసినప్పుడు గీత మూసుకుపోయి, బిగించినప్పుడు తెరుచుకుంటుంటే పగిలింది చెక్కే. దొంగనోట్లు చూసే అల్ట్రా వయొలెట్ లైటు ఊళ్లో ఎవరి కొట్లోనైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. వయసైన పాత లక్క ఆ వెలుతురులో పచ్చగా మెరుస్తుంది. ఎవరైనా అతికించి పైన కొత్త పాలిష్ కొట్టి ఉంటే ఆ మేరకు మచ్చలా వేరే రంగులో కనబడుతుంది. మీ వారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు కాబట్టి ఈ దెబ్బ అక్కడే తగిలి, అక్కడే సర్ది ఉండొచ్చు కూడా.

నంబరు సంగతి. గిబ్సన్‌లో మొదటి అంకె, అయిదో అంకె కలిపితే సంవత్సరం. మధ్యలో మూడంకెలు ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. మీది 0, 134, 7. అంటే 2007లో 134వ రోజు, మే 14. 2005 మధ్య నుంచి ఎనిమిది అంకెలు పోయి తొమ్మిది వచ్చాయి, మీ నంబరు దానికీ సరిపోయింది. నంబరు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, ఎందుకంటే నకిలీలు చేసేవాళ్లకీ ఈ లెక్క తెలుసు. ఆ అంకెలు చెక్కలోకి నొక్కుకుని ఉన్నాయా, పైన రంగుతో అచ్చు వేశారా చూడండి, నొక్కి ఉండాలి. తల ముందు వైపు గంట ఆకారంలో ఒక చిన్న మూత ఉంటుంది. అసలు గిబ్సన్‌లో దానికి రెండు స్క్రూలే. మూడుంటే నాకు ఒక్క ఫొటో పంపండి, మిగతా లెక్కతో పనిలేదు.

మీ బావగారి అబ్బాయి చెప్పిందీ గాలి మాట కాదు. 1958 నుంచి 1960 వరకు తయారైన సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా రంగు వేసిన) లెస్ పాల్‌లు ఇవాళ లక్షల డాలర్లు పలుకుతాయి. కానీ 2007 గిటారు ఆ కోవలోకి రాదు. అది మంచి వాడిన గిటారు, అంతే లెక్క. ఇక ఫోన్‌లో కనబడిన మూడున్నర లక్షలు ఎవరో అడుగుతున్న రేటు. అంబాజీపేటలో వెయ్యి కొబ్బరికాయలకి రైతు ఎంత అడిగాడో ఎవరూ రాసుకోరు, బేరం ఎక్కడ తెగిందో రాసుకుంటారు. గిటార్లకూ అంతే. వాడిన వాయిద్యాలు అమ్మే అమెరికా సైట్లలో అమ్ముడైపోయినవి విడిగా చూపించే వీలుంటుంది. అందులో అదే మోడల్, అదే సంవత్సరం, అదే స్థితిలో ఉన్నవి అయిదారు చూసి, బాగా ఎక్కువదీ బాగా తక్కువదీ వదిలేసి మధ్యలోవి పట్టుకోండి.

ఆ డాలర్లను రూపాయల్లోకి మార్చి అదే రేటు అనుకోకూడదు. చెరువు గట్టు మీద 50 కౌంట్ రొయ్యకు వచ్చే ధర, అదే రొయ్య అమెరికా కొట్లో పలికే ధర ఒకటి కావని మీ వారికి నేను చెప్పక్కర్లేదు. గిటారు విషయంలో అటూ ఇటూ రెండు బలాలు లాగుతాయి. మన దగ్గర కొనేవాళ్లు తక్కువ, అది రేటును కిందికి లాగుతుంది. కొత్తది కొనాలంటే దిగుమతి సుంకం, జీఎస్టీ కలిసి అమెరికా కన్నా బాగా ఎక్కువ పెట్టాలి, అది పైకి లాగుతుంది. అందుకని నేను రెండు వైపుల నుంచి లెక్క వేస్తాను.

ఉదాహరణకి అక్కడ మీలాంటివి 1,800 డాలర్లకు అమ్ముడయ్యాయనుకోండి. డాలరు 85 రూపాయల చొప్పున 1,53,000. ఇక్కడ షాపులో కొత్త స్టాండర్డ్ 3 లక్షలు చెప్పారనుకోండి, బాగున్న పాతదానికి నేను అందులో 55 శాతం వేస్తాను, 1,65,000. రెండూ దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి 1,60,000 దగ్గర మొదలుపెట్టొచ్చు. రెండు అంకెల మధ్య దూరం ఎక్కువుంటే తక్కువ దాన్నే నమ్మండి. మీరు చూసే రోజున ఉన్న ధరలతో ఈ అంకెలు మార్చుకోండి, పద్ధతి ఇదే.

ఇప్పుడు తగ్గింపులు. కీలు మార్చినా పాతవి ఉన్నాయి కాబట్టి రెండు మూడు వేలు చాలు. కొత్త కీల కోసం తలకి అదనంగా బెజ్జాలు వేసి ఉంటే మాత్రం పది వేలు తీసేయండి. మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు కమ్మీల (ఫ్రెట్ల) మీద, ముఖ్యంగా మొదటి అయిదింటి మీద, తీగ కింద గుంటలు పడ్డాయేమో వేలితో తడమండి. సగం అరిగితే ఏడెనిమిది వేలు తగ్గుతుంది. బెల్ట్ బకిల్ గీతలకు నేనేమీ తియ్యను. వాల్యూమ్ తిప్పితే కరకరమంటోందా? అంతర్వేది ఉప్పు గాలికి మీ వైపు అది మామూలే, స్ప్రేతో పోతుంది. ఈ లెక్కన గీత పాలిష్‌దైతే లక్షన్నర న్యాయమైన రేటు, లక్షా అరవై అయిదు చెప్పి లక్షా నలభై అయిదు దాకా దిగొచ్చు. చెక్కదైతే డెబ్బై అయిదు. అప్పుడు హైదరాబాద్ ఆయన 90 వేలు మంచి బేరమే. ఆయన ఫొటోల్లో ఆ గీత చూశాడో లేదో కనుక్కోండి, చూడకపోతే మీరే చూపించండి. దాచి అమ్మకండమ్మా. దాచి అమ్మిన గిటారు నా చేతికొకటి వచ్చింది, అందుకే అడుగుతున్నాను.

2022 జులైలో గోదావరికి వరద వచ్చి లంకలన్నీ మునిగిన సంగతి మీకు తెలుసు. ఆ దసరాకి నేను జపాన్‌లో తయారైన గిటారు ఒకటి 38 వేలకు కొన్నాను. నీళ్లు తగిలాయా అని అడిగితే అసలు తగల్లేదన్నారు. అక్కడ వాయించి చూస్తే బ్రహ్మాండంగా పలికింది. ఇంటికొచ్చి వెనక ప్లేటు విప్పాను. వైర్ల కింద, మూలల్లో, గోధుమ పిండిలా మెత్తటి ఒండ్రు. వేలితో తీసి కాగితం మీద పెట్టి చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. రెండు నెలల్లో ఫింగర్‌బోర్డు, అంటే మెడ మీద వేళ్లు పెట్టే పలక, జిగురు విడిచేసింది. అప్పటి నుంచి ప్లేటు విప్పకుండా ఏ గిటారుకూ రేటు చెప్పను. మీరూ కొనేవాళ్ల ముందే విప్పి చూపించండి. లోపల టంకాలు చెయ్యిపడకుండా మెరుస్తుంటే పికప్‌లు (తీగల మోతను పట్టే భాగాలు) అసలువేనని వాళ్లకే తెలుస్తుంది. పాట్‌ల (వాల్యూమ్, టోన్ గుండీల కింద తిరిగే భాగాల) వెనక 137తో మొదలయ్యే అంకెలుంటే తర్వాతి నాలుగూ సంవత్సరం, వారం. అందులో సంవత్సరం 07 అని గానీ, దానికి కొంచెం ముందు ఏడాదిగానీ ఉంటే గిటారు పుట్టిన తేదీకి అదొక సాక్ష్యం.

ఒక్క మాట బతిమాలి చెబుతున్నాను, అమ్మే ముందు పాలిష్ పెట్టించకండి. మెరుపు కోసం కార్ల షెడ్డులో ఇచ్చి లక్క మొత్తం గీకించిన వాళ్లను చూశాను. పొడి మెత్తటి గుడ్డ చాలు. రబ్బరు తొడుగున్న స్టాండు మీద కూడా పెట్టకండి, ఆ రబ్బరు నైట్రో లక్కను కరిగించి మచ్చ చేస్తుంది. కేసు, మీ వారు కొన్నప్పటి రసీదు ఉంటే వెతికి పెట్టండి, వాటితో అయిదారు వేలు ఎక్కువే వస్తుంది. పార్సిల్ పంపాల్సి వస్తే తీగలు కాస్త వదులు చేసి, కేసులో తల కింద, తల చుట్టూ న్యూస్‌పేపర్ ఉండలు గట్టిగా కుక్కండి. వీలైతే ఆయన్నే రాజమండ్రి దాకా రమ్మనండి. చేతిలో పట్టుకుని వాయించినవాడు తర్వాత ఫోన్ చేసి గొడవ పడడు.

ప్రశ్న: మా చర్చి యూత్ కోసం ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటారు, వాడింది ఒకటి చూశాం. అమ్మే అన్న అమెరికాదని 80 వేలు చెబుతున్నారు. నంబరు MX18 అక్షరాలు అంకెలతో మొదలవుతుంది. ఇవ్వచ్చా?
– యూత్ సభ్యుడు, నరసాపురం

జవాబు: ఇవ్వకండి తమ్ముడూ. ఎంఎక్స్ అంటే మెక్సికోలోని ఎన్సెనాడా ఫ్యాక్టరీ, 18 అంటే 2018. అమెరికాలో కరోనా అనే ఊళ్లోని ఫ్యాక్టరీలో చేసిన ఈ కాలపు వాటి నంబరు యూఎస్‌తో మొదలవుతుంది. ఆ అన్న అబద్ధం చెప్పాడని అనుకోకండి, తలమీద ఫెండర్ అని చూసి అమెరికాది అనుకునేవాళ్లు బోలెడంత మంది. గిటారు మంచిదే, ఆదివారం ఆరాధనకి, క్రిస్మస్ ప్రోగ్రాములకి ఏ లోటూ రాదు. కాకపోతే కొత్తదాంట్లోనే అమెరికా మోడల్ రేటు మెక్సికో మోడల్‌కి దాదాపు రెట్టింపు ఉంటుంది. అందుకని మెక్సికో మోడల్ కొత్తది షాపులో ఎంతో అడిగి, అందులో సగం నుంచి అరవై శాతం మధ్య చెప్పండి. మెడ చూడాలంటే మొదటి ఫ్రెట్ దగ్గరా, బాడీ కలిసే చోటా ఒకే తీగను రెండు చేతులతో నొక్కండి. మధ్యలో తీగకీ ఏడో ఫ్రెట్‌కీ విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే మెడ బాగున్నట్టే. గిటారు వెనక, ట్రెమొలో (శ్రుతిని ఊపే పిడి) స్ప్రింగుల మీదున్న ప్లాస్టిక్ మూత విప్పి తుప్పు చూడండి, నరసాపురంలో ఆరేడేళ్లు ఉన్న గిటారుకి అక్కడే ముందు పడుతుంది.