పరీక్ష హాల్లో అంతా మరిచిపోతున్నాను.. గుండె దడ తగ్గే మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర ఒక పల్లె. నా వయసు 22. బరంపురంలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ గణితం చదువుతున్నాను. రియల్ అనాలిసిస్ పేపరు రెండుసార్లు తప్పాను. గదిలో చదివినప్పుడు అన్నీ అర్థమవుతాయి. ప్రశ్నపత్రం చేతికి రాగానే గుండె దడ, అరచేతుల్లో చెమటలు, పెదవుల చుట్టూ తిమ్మిరి మొదలై ఒక్క నిర్వచనం కూడా గుర్తుకు రాదు. పరీక్ష రోజు పొద్దున్నే రెండు మూడుసార్లు విరేచనాలవుతాయి. ముందు రోజు తెల్లవారుజామున మూడింటి దాకా టీ తాగుతూ చదువుతాను. ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకుంటే దడ తగ్గుతుందని స్నేహితురాలు ఇచ్చింది, ఇంకా వేసుకోలేదు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఉండేది, చలికాలంలో ఇప్పటికీ పిల్లికూతలు వస్తాయి. ఈసారి కూడా తప్పితే ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఆ మాత్ర సంగతి. దయచేసి దాన్ని వేసుకోవద్దు. ప్రొప్రనొలాల్ గుండె మీద అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుని దడను తగ్గించే మాట నిజమే కానీ, ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలను తెరిచి ఉంచే వ్యవస్థను కూడా అదే మందు అడ్డుకుంటుంది. ఉబ్బసం ఉన్నవారికి ఒక్క మోతాదుతోనే తీవ్రమైన ఆయాసం రావచ్చు, అప్పుడు మామూలుగా ఉపశమనమిచ్చే సాల్బుటమాల్ ఇన్హేలర్ కూడా సరిగా పనిచేయకపోవచ్చు. మీ స్నేహితురాలికి పడిన మందు మీకు ప్రాణం మీదికి తేవచ్చు. పిల్లికూతలు ఇప్పటికీ వస్తున్నాయంటే మీ ఉబ్బసం పూర్తిగా తగ్గలేదనే అనుకోవాలి కాబట్టి, ఒకసారి ఛాతీ వైద్యులకు చూపించుకుని స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరును కొలిచే ఊదే పరీక్ష) చేయించుకోండి.

మీరు రాసిన లక్షణాలు, పరీక్ష సమయంలో మాత్రమే వస్తూ, మెట్లెక్కినా వేగంగా నడిచినా రాకుండా ఉంటే, అవి గుండె జబ్బు వల్ల వచ్చేవి అయ్యే అవకాశం చాలా తక్కువ. భయపడినప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి వేగం పెరుగుతుంది, దానితో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి పెదవులు, వేళ్ళ చివరలు తిమ్మిరెక్కుతాయి. పేగుల కదలిక కూడా అదే ఆందోళనతో వేగం పుంజుకోవడం వల్ల పొద్దున్నే ఆ విరేచనాలు. బరువు తగ్గడం, మలంలో రక్తం, నిద్రలోంచి లేచి విరేచనానికి వెళ్ళాల్సి రావడం లాంటివి ఉంటే మాత్రం అది వేరే విషయం, పరీక్షలు చేయించాలి.

ఇక, చదివినది ఎక్కడికి పోతోందన్న మీ అసలు ప్రశ్నకు వస్తాను. అది ఎక్కడికీ పోవడం లేదు. మనసు ఒకేసారి చేతిలో పట్టుకుని పనిచేయగలిగిన సమాచారం చాలా కొద్ది, దాన్నే వర్కింగ్ మెమరీ అంటారు. గణితమంటే ఆందోళన ఉన్నవారిలో ఆ కొద్ది చోటును కూడా ఆందోళనే ఆక్రమిస్తుందని యాష్‌క్రాఫ్ట్, కర్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. మీ సబ్జెక్టులో ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. ఇంటర్‌లో సూత్రం గుర్తుంటే లెక్క నడిచిపోతుంది, రియల్ అనాలిసిస్‌లో అలా కుదరదు. యూనిఫాం కంటిన్యూటీనే తీసుకోండి. ముందు ఎప్సిలాన్ (ఫలితాల మధ్య ఉండదగిన తేడా) ఇస్తారు, దానికి తగిన డెల్టా (బిందువుల మధ్య ఉండదగిన దూరం) ఒకటి ఉండాలి, ఆ డెల్టా బిందువు మీద ఆధారపడకుండా అన్ని బిందువులకూ ఒకటే కావాలి; మామూలు కంటిన్యూటీలో అయితే బిందువు మారితే డెల్టా మారవచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అన్న ఈ వరుసను ఏకకాలంలో మనసులో నిలుపుకోవాలి. "ఈసారి కూడా పోతే" అన్న ఆలోచన నడుమ దూరితే వరుస తారుమారవుతుంది, ఆ ఒక్క తారుమారుతో నిరూపణ మొత్తం తప్పుతుంది. ఇది మీకు తెలివి లేకపోవడం ఎంతమాత్రం కాదు.

అయితే ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. గదిలో పుస్తకం తెరిచి చదువుతున్నప్పుడు అర్థమవడం వేరు, పుస్తకం మూసి తెల్లకాగితం మీద మొదటి వాక్యం నుంచి రాయగలగడం వేరు. మళ్ళీ మళ్ళీ చదవడం కంటే, చూడకుండా గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేసినప్పుడే విషయం ఎక్కువ కాలం నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగాల్లో తేలింది. కాబట్టి ఇప్పటి నుంచి వారానికి ఒకసారైనా పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, అసలు పరీక్ష జరిగే వేళకే, ఫోన్ పక్కన పెట్టి, పూర్తి సమయం కూర్చుని రాయండి. వీలైతే హాస్టల్ గదిలో కాకుండా ఖాళీగా ఉన్న తరగతి గదిలో రాయండి. మొదటి రెండు మూడుసార్లు దడ వస్తుంది, రానివ్వండి, లేచిపోకుండా కూర్చోండి. ఆ పరిస్థితికి శరీరం అలవాటు పడేది అలాగే, నా దృష్టిలో మీకు అసలు చికిత్స ఇదే.

ఇంట్లో తెలుగు, చుట్టూ ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లిష్ – సరిహద్దు జిల్లాల పిల్లల మీద ఉండే ఈ భారాన్ని పెద్దలు అంతగా గుర్తించరు. ప్రతి నిరూపణనూ ముందు మీకు చనువైన భాషలో, పక్కనున్న వారికి పాఠం చెప్పినట్టు పైకి చెప్పండి, ఎక్కడ ఆగిపోతారో అక్కడే అర్థం కాలేదని తెలుస్తుంది. ఆ తర్వాత పరీక్షలో రాయాల్సిన ఇంగ్లిష్‌లో రాయండి.

రాత్రి మూడింటి దాకా మేలుకోవడం మానేయండి. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడేది నిద్రలోనే, మీ వయసులో కనీసం ఏడు గంటల నిద్ర అవసరం. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కనుక పరీక్షల రోజుల్లో మధ్యాహ్నం తర్వాత టీ ముట్టకండి. దడకూ విరేచనాలకూ కూడా అది ఆజ్యం పోస్తుంది.

నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలడం రోజూ ఐదు నిమిషాలు ఇప్పటి నుంచే సాధన చేయండి, పరీక్ష రోజు మొదటిసారి చేస్తే ఉపయోగపడదు. హాల్లో పేపరు అందగానే గుర్తున్న నిర్వచనాలను జవాబు పత్రం చివరి పేజీలో గబగబా రాసేసుకుని (కొట్టివేస్తే సరిపోతుంది), బాగా వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టండి.

హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు ఒకసారి చేయించుకోండి. రక్తహీనతా, థైరాయిడ్ ఎక్కువ కావడమూ దడను పెంచుతాయి. ఇవన్నీ చేసినా రెండు నెలల్లో మార్పు లేకపోతే బరంపురంలోనే ఉన్న ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్ళండి. ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఇలాంటి ఆందోళనకు బాగా పనిచేస్తుంది. మందులు అవసరమనిపిస్తే వారే నిర్ణయిస్తారు, ఉబ్బసం ఉందని మాత్రం మొదటే చెప్పండి.

ఏ మొహం పెట్టుకుని వెళ్ళనని రాశారు. ఆ మాట వెనుక చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే దాన్ని లోపల దాచుకోకండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అలాంటి ఆలోచన లేకపోయినా, ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా, రెండుసార్లు తప్పిన సంగతినీ పరీక్ష హాల్లో మీకు జరుగుతున్నదాన్నీ ఇంట్లో మీకు చేరువైన ఒక్కరికైనా ఈ వారమే చెప్పండి.