సభలో విమర్శ రాసిపెట్టే అమ్మాయికి

విజయనగరం

చిరంజీవి సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రసంగం ముసాయిదా రెండుసార్లు చదివాను. గ్రామీణాభివృద్ధి శాఖ పద్దు (ఆ శాఖ ఖర్చుకు సభ ఆమోదం కోరే మొత్తం) మీద మీ ఎంపీ గారు మాట్లాడబోతున్నారని, కేంద్రం విధానాలు ఎక్కడ విఫలమయ్యాయో గట్టిగా ఉండేలా రాయమన్నారని చెప్పావు. నీ కోపం నిజమైనదే, అది చదువుతుంటేనే తెలుస్తోంది. కానీ మొదటి పేజీ నిండా "సర్వనాశనం", "దగా", "ఘోర వైఫల్యం" అన్న మాటలే ఉన్నాయి. ఏ పథకం, ఏ ఏడాది, ఎంత డబ్బు, ఎవరికి నష్టం అన్నది మూడో పేజీ దాకా రాలేదు. సభలో సమయం పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. ప్రతిపక్షంలో చిన్న పార్టీ సభ్యుడికి నాలుగైదు నిమిషాలు దొరికితే గొప్ప. అవతలి బెంచీల వాళ్ళు నీ మొదటి పేజీకే గోల మొదలుపెడితే, అసలు సంగతి చెప్పకుండానే గంట మోగుతుంది.

ఇన్నేళ్ళు ప్రతిపక్ష సభ్యులకు కాగితాలు సిద్ధం చేసినవాడిగా నీకు చెప్పగలిగేది ఒకటే. ప్రభుత్వం తప్పును ప్రభుత్వం కాగితాల్లోంచే బయటికి తియ్యి. బడ్జెట్ పత్రాలు, మంత్రులు సభలో ఇచ్చిన లిఖితపూర్వక జవాబులు, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదికలు, శాఖల పనిని పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘాల నివేదికలు, రిజర్వ్ బ్యాంకు వార్షిక నివేదిక. పేపర్లో వచ్చిన వార్తను మంత్రి ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు. తన శాఖ అచ్చువేసిన అంకెను కొట్టిపారెయ్యలేడు. పెద్ద నోట్ల రద్దు గురించి దేశంలో ఎంతమంది ఎన్ని తిట్లు తిట్టారో లెక్కలేదు. వాటన్నిటికంటే బలంగా నిలబడింది 2018 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన లెక్క. రద్దు చేసిన 15.41 లక్షల కోట్ల నోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకు తిరిగొచ్చాయని ఆ నివేదికే చెప్పింది. నల్లడబ్బు తిరిగిరాకుండా పోతుందన్న వాదన ఏమైందో చెప్పడానికి ఆ రెండు అంకెలు చాలు, ఒక్క విశేషణం అక్కర్లేదు.

ఇప్పుడు నీ ముసాయిదాలోకి వస్తాను. ఉపాధి హామీ దగ్గర "పేదల పొట్ట కొట్టారు" అని రాశావు. ఆ వాక్యం తీసెయ్యి. 2022-23లో ఆ పథకానికి కేంద్రం సవరించిన అంచనా (బడ్జెట్లో పెట్టిన అంకెను ఏడాది మధ్యలో మార్చి వేసే లెక్క) 89,400 కోట్లు. మరుసటి ఏడాది, అంటే 2023-24 బడ్జెట్లో పెట్టింది 60,000 కోట్లు. ఏడాది తిరిగేసరికి అదే సవరించిన అంచనాల్లో 86,000 కోట్లయింది. ఈ మూడూ వరసగా చదివించి, "ముందటేడు 89 వేల కోట్లు పట్టిన పనికి 60 వేల కోట్లు చాలని ఏ లెక్కన అనుకున్నారు?" అని ఒక్క ప్రశ్న అడిగించు. నేను కావాలనే పాత ఏడాది తీసుకున్నాను. లెక్కలు తేలిపోయిన ఏడాది మీద కట్టిన వాదన కదలదు. ఈ ఏడాది అంకెలు దాని తర్వాత చెప్పవచ్చు.

దీనికి వచ్చే జవాబు కూడా నువ్వే ముందు రాసుకోవాలి. "అది అడిగినవారికి పని చూపించే పథకం, అవసరమైతే అదనంగా ఇస్తామన్నాం, ఇచ్చాం కూడా" అంటాడు మంత్రి. అది అబద్ధం కాదు, కాబట్టి అబద్ధమని అరవకూడదు. ఆ అదనపు డబ్బు వచ్చేదాకా, చేసిన పనికి కూలి రాక ఎవరు ఆగారు అన్నది మీ రెండో ప్రశ్న కావాలి. 2005 ఉపాధి హామీ చట్టం 15 రోజుల్లో కూలి పడాలంది. ఆలస్యమైతే నిబంధనల్లో పెట్టిన పరిహారం రోజుకు 0.05 శాతం. వెయ్యి రూపాయల కూలికి రోజుకు అర్ధరూపాయి! నెల్లాళ్ళు ఆపితే పదిహేను రూపాయలు. ఢిల్లీ నుంచి డబ్బు విడుదలలో జరిగే జాప్యానికీ ఈ పరిహారం వర్తిస్తుందని 2018 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. శాతాల్లో చెబితే సభకు వినబడదమ్మా. అర్ధరూపాయి అని చెప్పించు.

మన విజయనగరం ఆ చట్టం మొదలైన తొలి 200 జిల్లాల్లో ఒకటి. గంట్యాడ, మెంటాడ వైపు పల్లెల్లో పనికెళ్ళే ఆడవాళ్ళకు మస్టరు (పని హాజరు పట్టీ) అంటే ఏమిటో, కూలి ఎన్ని రోజులకు పడాలో నువ్వు చెప్పనక్కర్లేదు, వాళ్ళే నీకు చెబుతారు. పండక్కి వచ్చినప్పుడు ఒక పూట వెళ్ళి కూర్చో. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో పెట్టాలన్నారు కదా, కొండవాలున సిగ్నల్ లేని రోజు హాజరు ఏమైందో అడుగు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకో. పేర్లు మాత్రం వాళ్ళు ఒప్పుకుంటే తప్ప ప్రసంగంలో రానివ్వకు. మీ ఎంపీ గారు మాట్లాడి కూర్చుంటారు, ఆ ఊళ్ళో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ ఎదురుగా మర్నాడు పనికి వెళ్ళాల్సింది నీకు ఆ సంగతి చెప్పిన ఆవిడ.

గిరిజన విశ్వవిద్యాలయం గురించి నువ్వు రాసిన పేరా నాకు నచ్చింది, తేదీలే వాదన నడిపిస్తున్నాయి. 2014 విభజన చట్టంలో మాట ఇచ్చారు. దాన్ని స్థాపించే పార్లమెంటు చట్ట సవరణ 2019లో జరిగింది. శాశ్వత భవనాలకు శంకుస్థాపన 2023 ఆగస్టులో. ఈ మధ్యకాలంలో చేరిన పిల్లలు కొండకరకంలో ఆంధ్రా యూనివర్సిటీ పాత పీజీ సెంటర్లో చదువుకున్నారు. బాగుంది. అయితే ముందు కొత్తవలస మండలం రెల్లిలో చూసిన స్థలాన్ని రాష్ట్ర ప్రభుత్వం మార్చి మెంటాడ, దత్తిరాజేరు మండలాల వైపు చూపించిన సంగతి నువ్వు వదిలేశావు. కేంద్రం మొట్టమొదట పట్టుకునేది దాన్నే. నువ్వే చెప్పెయ్యి. స్థలం మార్పుకు రాష్ట్రం జవాబు చెప్పాలి, చట్ట సవరణకే అయిదేళ్ళు పట్టినందుకు కేంద్రం చెప్పాలి. ఎవరి వాటా వాళ్ళకు పంచినప్పుడే నీ లెక్కను జనం నమ్ముతారు.

సమాధానం లేకపోవడం కూడా సాక్ష్యమే. లాక్‌డౌన్‌లో ఊళ్ళకు నడిచొస్తూ చనిపోయిన వలస కూలీలు ఎంతమంది అని అడిగితే, అటువంటి లెక్క తమ దగ్గర లేదని 2020 సెప్టెంబరులో కార్మిక శాఖ లోక్‌సభకు రాతపూర్వకంగా చెప్పింది. పొట్టకూటికి చెన్నై, గుజరాత్ తీరం దాకా పోయే మన శ్రీకాకుళం వాళ్ళకు ఆ జవాబు ఎంత బరువైనదో నీకు తెలుసు. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివించి ఆగమను. దానికి వ్యాఖ్య తగిలిస్తే పలచబడుతుంది.

ఇంకో సంగతి, ఇది కాస్త చేదు. మీ పార్టీ అధికారంలో ఉన్నప్పుడు ఇదే విషయంలో ఏం చేసిందో, ఎటు ఓటేసిందో ముందు నువ్వే చదువు. 2018 జూలైలో తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానం 126కు 325 ఓట్లతో వీగిపోయింది. అదే పార్టీ 2024 నుంచి కేంద్ర ప్రభుత్వంలో ఉంది, మన శ్రీకాకుళం ఎంపీ గారు అందులో మంత్రి. బెంచీలు మారతాయి. సభ రికార్డులో పడ్డ మాట అక్కడే ఉంటుంది. ఏ వైపు కూర్చున్నా వెనక్కి తీసుకోనవసరం లేని మాటే రాయి.

వద్దన్నచోట ఏం కావాలో కూడా ఉండాలి. 1967లో శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు వెళ్ళిన రైతు నాయకుడు ఆచార్య రంగా, అంతకు ఎనిమిదేళ్ళ ముందు రైతుల భూములు కలిపి సాగుచేసే సహకార వ్యవసాయాన్ని కాదని కాంగ్రెస్ వదిలారు. ఆ వాదనతో నేను ఏకీభవిస్తానా అన్నది వేరే సంగతి. రైతు చేతిలో సొంత భూమి ఉండాలన్న ప్రత్యామ్నాయం ఆయన దగ్గర స్పష్టంగా ఉంది. పద్దును తగ్గించమని సభ్యుడు పెట్టే కోత తీర్మానం నిబంధనలో ఉన్నదీ ఇదే. విధానాన్నే తిరస్కరిస్తే పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటారు, ఏ విధానమో విడమరిచి చెప్పాలి, బదులుగా ఏం చెయ్యాలో చెప్పవచ్చు. ఒక ఫిర్యాదు వరకే అయితే వంద రూపాయల కోత. మీది మొదటిదో రెండోదో ఎంపీ గారిని అడిగి తేల్చుకో, ప్రసంగం దాన్ని బట్టి మారుతుంది.

మంత్రి మీద వ్యక్తిగత ఆరోపణ ఉన్న రెండు వాక్యాలూ కొట్టేశాను. ముందుగా స్పీకర్‌కు, మంత్రికి నోటీసు ఇవ్వకుండా అటువంటిది అనడానికి 353వ నిబంధన ఒప్పుకోదు, రికార్డులోంచి తీసేస్తారు. పైగా మీ గొడవ విధానంతో.

చాలా శాఖల పద్దులు చర్చ లేకుండానే చివరి రోజు గిలెటిన్‌లో ఒక్కసారిగా ఆమోదించేస్తారు. మీ శాఖ వంతు రాకపోవచ్చు. ఇదే విషయాన్ని, చర్చ లేకుండా ఒక సంగతిని సభ దృష్టికి తెచ్చే 377వ నిబంధన కింద చిన్న పాఠంగా ఒకటి, అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్‌కు మూడు వాక్యాల్లో ఒకటి రాసి పెట్టుకో. కూలి బకాయిల మీద రాతపూర్వక ప్రశ్న ఇప్పుడే వేయించు, దానికి పదిహేను రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. జిల్లాలవారీగా అడగండి. "రాష్ట్రాలవారీగా" అంటే విజయనగరం అందులో కనబడదు.

దిద్దిన ముసాయిదా దీనితో పంపుతున్నాను. బడ్జెట్ అంకెలు నువ్వు మళ్ళీ అసలు పత్రంలో సరిచూసి, పేజీ నంబరు పక్కన రాసి, ఆదివారం లోపు నాకు పంపు.

మీ పెదనాన్న