సాధన ఉందో లేదో తేల్చుకోకుండా లెక్క మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: డిగ్రీలో గణితం చదువుతున్నాను. అవకలన సమీకరణాలను సాధించే పద్ధతులు బాగానే వచ్చాయి. సాధన అస్తిత్వం (సాధన ఉండటం), ఏకైకతలకు (అది ఒక్కటే కావడానికి) సంబంధించిన సిద్ధాంతాలు మాత్రం పరీక్షకు తప్ప పనికిరావేమో అనిపిస్తోంది. సిమ్యులేషన్ రంగంలో ఉద్యోగం చేయాలన్నది నా కోరిక. ఆ అధ్యాయం వదిలేసి ప్రోగ్రామింగ్ నేర్చుకోవచ్చా?

జవాబు: ప్రోగ్రామింగ్ తప్పక నేర్చుకోండి, కానీ ఆ అధ్యాయాన్ని వదలకండి. మీరు ఎంచుకున్న రంగానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది అదే. చరరాశులను వేరుచేసి సూత్రంతో సాధించగలిగే సమీకరణాలు కొన్నే. విద్యుత్ వలయాలు, రోబోల నియంత్రణ, రక్తంలో మందు గాఢత, అంటువ్యాధి వ్యాప్తి వంటి సమస్యల్లో ఎదురయ్యేవాటిని ఎక్కువగా కంప్యూటరే సంఖ్యాత్మకంగా సాధించాలి.

వై అవకలజం వై వర్గానికి సమానమనీ, ఎక్స్ సున్నా అయినప్పుడు వై విలువ 1 అనీ అనుకోండి. ఒకటిని (1 − ఎక్స్)తో భాగిస్తే వచ్చేదే దీని సాధన. ఎక్స్ 1ని సమీపించేకొద్దీ అది హద్దు లేకుండా పెరిగిపోతుంది. ఇదే సమస్యను, ప్రతి మెట్టులో అక్కడి వాలును బట్టి తరువాతి విలువను అంచనా వేసే ఆయిలర్ పద్ధతిలో 0.1 చొప్పున ముందుకు జరుపుతూ లెక్కిస్తే, ఎక్స్ 1 వద్ద సుమారు 6.13 వస్తుంది. ప్రోగ్రాంలో ఏ తప్పూ లేదు, కానీ అక్కడ సాధనే లేదు. సిద్ధాంతం హామీ ఇచ్చేది ప్రారంభ బిందువుకు దగ్గరి అంతరంలోనే అని తెలిసినవారు ఆ 6.13ను నివేదికలో రాయరు.

ఏకైకత లోపిస్తే చిక్కు మరో రకంగా ఉంటుంది. వై వర్గపు ఘనమూలానికి మూడు రెట్లు వై అవకలజమైతే, సున్నా వద్ద సున్నాతో మొదలయ్యే సాధనల్లో ఎప్పటికీ సున్నాగా ఉండేది ఒకటి, ఎక్స్ ఘనం మరొకటి. ఆయిలర్ పద్ధతి మొదటిదాన్నే చూపిస్తుంది, రెండోది ఉందన్న సంగతే బయటపడదు. కుడివైపు ప్రమేయం అవిచ్ఛిన్నమైతే సాధన ఉంటుందని పియానో సిద్ధాంతం చెబుతుంది. అది ఒక్కటే కావాలంటే లిప్‌షిట్జ్ నియమం వంటిది (వై మారినప్పుడు కుడివైపు ప్రమేయంలో వచ్చే తేడా, వైలోని తేడాకు ఒక స్థిరాంకం రెట్లకు మించకూడదన్నది) తోడు కావాలి, ఈ ఉదాహరణలో సున్నా వద్ద అదే చెల్లదు. సంఖ్యాత్మక పద్ధతిలో దోషం ఎంతవరకు పెరగవచ్చో చెప్పే హద్దులోనూ ఆ లిప్‌షిట్జ్ స్థిరాంకమే కనిపిస్తుంది కనుక, నిరూపణను బట్టీ పట్టకుండా అందులో ప్రతి నియమం ఎక్కడ అవసరమైందో గుర్తిస్తూ చదవండి.

ముందుగా పికార్డ్ పునరావృత్తిని (ఒక ఊహా సాధనను కుడివైపు ఉంచి సమాకలనం చేస్తూ, దాన్ని మళ్లీ మళ్లీ మెరుగుపరచే పద్ధతిని), వై అవకలజం వైకి సమానమైన సమీకరణంపై చేతితో చేసి చూడండి. 1తో మొదలుపెడితే ఒక్కో మెట్టుకూ ఘాతాంక శ్రేణిలో ఒక్కో పదం వచ్చి చేరుతుంది. తరువాత పై రెండు సమస్యలకూ ఆయిలర్ పద్ధతికీ, ఒక్కో మెట్టులో వాలును పలుచోట్ల లెక్కించే రుంగే–కుట్టా పద్ధతికీ ప్రోగ్రాంలు స్వయంగా రాసి, మెట్టు పరిమాణం తగ్గిస్తూ ఫలితాలు ఎలా మారుతున్నాయో పరిశీలించండి. పీజీ లేదా పరిశోధన కూడా మీ ఆలోచనలో ఉంటే, వాస్తవ విశ్లేషణలోని ఏకరూప అభిసరణాన్ని (ప్రమేయాల వరుస అంతరమంతటా ఒకేసారి అవధికి దగ్గరవడాన్ని) ఇప్పుడే గట్టిగా చదువుకోండి. పై పునరావృత్తితో సాధన ఉందని చూపే పికార్డ్ నిరూపణ నిలిచేది దాని మీదే.