జంప్ 46 నుంచి 41కి పడిపోయిందని వాలీబాల్ మాన్పించాలా?

ప్రశ్న: మాది హిందూపురం, ఇప్పుడు బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. అమ్మాయి ఫస్ట్ పీయూసీ (ఇంటర్ మొదటి ఏడాది) సైన్స్, వాలీబాల్‌లో అటాకర్, అంటే నెట్ దగ్గర ఎగిరి బంతిని కొట్టే ప్లేయర్. జూన్‌లో గోడ దగ్గర చాక్‌పీస్ పొడితో కొలిస్తే జంప్ 46 సెంటీమీటర్లు వచ్చింది. అక్టోబర్‌లో నడుం మీద చేతులు పెట్టించి జంప్ మ్యాట్ మీద ఎగిరిస్తే 41. ఆట మాన్పించి సీఈటీ (కర్ణాటక ప్రవేశ పరీక్ష) కోచింగ్‌లో వేసేద్దామా?

జవాబు: ఈ రెండు అంకెలు చూసి మాత్రం మాన్పించకండమ్మా. గోడ దగ్గర పిల్ల చేతులు ఊపి ఎగిరింది, మ్యాట్ మీద ఆ ఊపు లేదు. చేతుల ఊపు ఒక్కటే పది శాతం దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే కలుపుతుంది. 46లో పది శాతం తీసేసి చూడండి, దాదాపు 41కే వచ్చేస్తుంది. కాళ్ల బలం పెరిగిందో తగ్గిందో ఈ లెక్కతో ఎవరూ చెప్పలేరు.

పైగా దేని లోపం దానికుంది. గోడ మీద నిలబడి అందుకున్న గుర్తుకీ, ఎగిరి అందుకున్న గుర్తుకీ ఉన్న తేడానే జంప్ అంటారు; ముందు నిలబడి చెయ్యి చాచినప్పుడు భుజం పూర్తిగా లేపకపోతే జంప్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. మ్యాట్ ఎత్తును కొలవదు, గాల్లో ఉన్న సమయాన్ని కొలిచి దాన్నుంచి ఎత్తు లెక్కగడుతుంది. 0.58 సెకన్లుంటే 41 సెంటీమీటర్లు, 0.60 అయితే 44. అంటే మోకాళ్లు మడిచి దిగి రెప్పపాటు ఆలస్యం చేస్తే చాలు, మూడు సెంటీమీటర్లు ఊరికే వచ్చి పడతాయి.

కోచ్ గారిని గట్టిగానే అడగండి, తప్పేం లేదు: ప్రతిసారీ అదే పరికరం, అవే బూట్లు, అదే వార్మప్, దాదాపు అదే టైం, ముందురోజు మ్యాచ్ ఉండకూడదు. కొత్త టెస్ట్ అయితే ఒకరోజు ఊరికే అలవాటు చేయించి తర్వాతే కొలవాలి. మధ్యలో ఒక నిమిషం రెస్ట్ ఇచ్చి మూడు జంపులు చేయించి మూడూ రాయాలి, మంచిదొక్కటే కాదు. ఆ మూడింటి మధ్యే రెండు సెంటీమీటర్ల తేడా ఉంటే, నెల తర్వాత రెండు పెరిగాయని సంబరపడక్కర్లేదు, తగ్గాయని టెన్షన్ పడక్కర్లేదు.

ఇంట్లోనూ చూసుకోవచ్చు. ఫోన్ స్లోమోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసి, కాలివేళ్లు నేల వదిలినప్పటి నుంచి మళ్లీ తాకేదాకా లెక్కపెట్టమనండి. 140 ఫ్రేములొస్తే దాదాపు 42 సెంటీమీటర్లు. ఫ్రేముల్ని 240తో భాగిస్తే సమయం సెకన్లలో వస్తుంది; ఆ సమయం వర్గాన్ని 9.81తో గుణించి 8తో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది, ఇది పీయూసీ ఫిజిక్స్‌లో ఉన్న సూత్రాలతోనే వస్తుంది, పాపే చేసేస్తుంది.

అటాకర్ కాబట్టి ఇంకోటి కూడా చూడాలి. అడుగులేసుకుంటూ వచ్చి ఎగిరినప్పుడు చెయ్యి నేల నుంచి ఎంత ఎత్తు అందుతోంది? ఆడవాళ్ల నెట్ 2.24 మీటర్లు, మ్యాచ్‌లో పనికొచ్చేది ఆ అందుకునే ఎత్తే.

ఇక చదువు సంగతి. సీఈటీ స్పోర్ట్స్ కోటాలో చూసేది ఏ స్థాయి టోర్నమెంట్లలో ఆడింది, ఏం గెలిచింది అని, జంప్ సెంటీమీటర్లు కాదు. అందుకే ఈ ఏడాది ఆట, కోచింగ్ రెండూ నడవనివ్వండి, ప్రాక్టీస్ కాస్త తగ్గించినా పర్లేదు. ఈ కొలతల మీదే పాపకి ఇష్టం పుడితే స్పోర్ట్స్ సైన్స్ డిగ్రీ ఉంది. చెన్నైలో శ్రీ రామచంద్ర యూనివర్సిటీలోనూ, తమిళనాడు ఫిజికల్ ఎడ్యుకేషన్ అండ్ స్పోర్ట్స్ యూనివర్సిటీలోనూ ఏ కోర్సులున్నాయో, అర్హతలేంటో కనుక్కోండి. టెస్టులు ఒకేలా చేయించి మూడుసార్ల అంకెలు చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి, అప్పుడు చూసి చెప్తాను.