హాలు సంగతి తర్వాత, ముందు ఫాదర్ గారిని కలువు

చిట్టితల్లీ,

మీ నాన్న నిన్న ఫోన్ చేసి నీ పెళ్ళి కుదిరిందని చెప్పాడు. చాలా సంతోషం. ఆ వెంటనే ఫంక్షన్ హాలు మాట మొదలుపెట్టాడు. ప్లేటు ఎంత, ఏసీ ఉందా, కారు పార్కింగ్‌కు చోటుందా అని. అంతా విని "విచారణ గురువులకు, అదే మన గుడి ఫాదర్ గారికి, చెప్పారా?" అని అడిగాను. "అదెంతలే అన్నయ్యా, కార్డు ఇచ్చేటప్పుడు చెబుదాం" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం వాడికి కాకుండా నీకు రాస్తున్నాను.

మన కతోలిక గుడిలో ఉపదేశిగా, అంటే జ్ఞానోపదేశం చెప్పేవాడిగా పనిచేసిన ఇన్నేళ్ళలో నేను చూసిన పెళ్ళి గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలయ్యాయి. అడ్వాన్స్ కట్టేస్తారు, కార్డులు కొట్టించేస్తారు, ఆ తర్వాత గుడికి వస్తారు. అక్కడ కాగితాలు అడిగేసరికి ఇంటిల్లిపాదికీ టెన్షన్. కనీసం ఆరు నెలల ముందు నువ్వూ అబ్బాయీ కలిసి వెళ్ళి ఫాదర్ గారితో కూర్చోండి. పెద్దవాళ్ళం మేం తర్వాత వస్తాం.

ముందు తేదీ సంగతి. 2027 ఫిబ్రవరి రెండో వారం అనుకుంటున్నారట. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం (లెంట్) విభూది బుధవారంతో మొదలవుతుంది, ఆ ఏడాది అది ఫిబ్రవరి 10నే వస్తోంది. తపస్సుకాలంలో పెళ్ళిళ్ళు పూర్తిగా నిషేధమని కాదుగానీ, మన గుడుల్లో మామూలుగా పెట్టరు, పెట్టినా పూల అలంకరణలూ ఆర్భాటాలూ ఉండవు. పైగా 11న గుణదల మాత ఉత్సవం. సగం మంది చుట్టాలు కొండ దగ్గరే ఉంటారు. జనవరికి జరపండి, లేదంటే మార్చి 28న పాస్కా పండుగ (ఈస్టరు) అయ్యాక పెట్టుకోండి. మీ నాన్నకు నచ్చే మాట ఒకటి చెబుతాను. మనకు ముహూర్తాల పట్టింపు లేదు కదా. మూఢంలో, ఆషాఢంలో హాళ్ళు ఖాళీగా పడి ఉంటాయి, బేరమాడితే రేటు తగ్గిస్తారు.

నీకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) సర్టిఫికెట్ కొత్తది కావాలి. మీ అమ్మ బీరువాలో ప్లాస్టిక్ కవర్లో దాచినది పనికిరాదు. ఆరు నెలల లోపు తీసుకున్నదే అడుగుతారు. ఎందుకంటే, గుడిలో ఉండే ఆ పెద్ద రిజిస్టరులో నీ పేరు ఉన్న వరుస పక్కన ఖాళీ జాగా వదులుతారు. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) ఎప్పుడు తీసుకున్నావో, పెళ్ళి ఎవరితో ఎక్కడ జరిగిందో ఆ జాగాలోనే రాస్తారు. కొత్త సర్టిఫికెట్ రాసేటప్పుడు ఆ పక్క రాతలు కూడా చూసి రాస్తారు కాబట్టి, నీకు ఇంతకుముందు పెళ్ళి కాలేదని దానివల్ల తెలుస్తుంది. రేపు నీ పెళ్ళయ్యాక కూడా ఇక్కడి నుంచి కబురు వెళ్ళి అక్కడ రాసుకుంటారు. భద్రమైన అభ్యంగనం తీసుకోనివాళ్ళను పెళ్ళికి ముందే తీసుకోమంటారు. నీకు ఆ బెంగ లేదు.

పేర్ల దగ్గర మాత్రం మన వాళ్ళకు ఎప్పుడూ చిక్కే. బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. రిజిస్టరులో ఇగ్నేషియస్ అని ఉంటే ఇంట్లో ఇన్నయ్య, జేవియర్ అని ఉంటే శౌరి. పాత రాతల్లో కొన్ని లాటిన్‌లో కూడా ఉంటాయి. నీ ఆధార్‌లో పేరు, జ్ఞానస్నానం రిజిస్టరులో పేరు ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకో. తేడా ఉంటే ఇద్దరూ ఒకరేనని రాయించుకోవడానికి ఇప్పుడైతే టైముంది. పెళ్ళి రేపనగా ఈ పని పెట్టుకుంటే ఎవరికీ అన్నం సహించదు.

ఇక అబ్బాయి లూథరన్, అంటే ప్రొటెస్టెంట్ సంఘం వాడన్న విషయం. దీని మీద మీ ఇంట్లో గుసగుసలు నడుస్తున్నాయని తెలుసు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరుకు వచ్చిన దగ్గర్నుంచి మన జిల్లాలో లూథరన్లు మన ఇరుగుపొరుగే. ఇలాంటి పెళ్ళి మనకు కొత్త కాదు. అబ్బాయి కతోలికుడు కానక్కర్లేదు, ఆ మాట వాళ్ళింట్లో ఎవరూ ఎత్తొద్దు. బిషప్ గారి అనుమతి మాత్రం ఉండాలి, దానికి విచారణ గురువులే రాస్తారు. నీ విశ్వాసం వదలనని, పిల్లలకు కతోలిక శ్రీసభలో జ్ఞానస్నానం ఇప్పించడానికి నీ చేతనైనంత చేస్తానని నువ్వు మాటిచ్చి సంతకం పెట్టాలి. మాటిచ్చేది నువ్వే. అబ్బాయికి ఆ సంగతి తెలియజేస్తారు, అంతే. కానీ సంతకం పెట్టే రోజున అతను మొదటిసారి వింటే బాగుండదు. ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. పిల్లల్ని ఏ గుడికి తీసుకెళ్ళాలన్న తగాదా పెళ్ళయిన మూడో ఏడాది వస్తే, తీర్చడం నా వల్లా కాదు, ఫాదర్ గారి వల్లా కాదు.

లూథరన్లు పసిపిల్లలప్పుడే బాప్తిస్మం ఇస్తారు కాబట్టి అతని సర్టిఫికెట్ దొరకడం తేలికే. పెళ్ళి కాలేదని వాళ్ళ పాస్టర్ గారి దగ్గర ఉత్తరం కూడా తెమ్మను. కొన్ని సంఘాల్లో పెద్దయ్యాకే బాప్తిస్మం ఇస్తారు. అలాంటి ఇళ్ళ పిల్లలు కొందరు పెళ్ళీడు వచ్చినా తీసుకుని ఉండరు. కొన్ని చోట్ల యేసు నామం ఒక్కటే పలికి ఇస్తారు, తండ్రి కుమార పవిత్రాత్మల పేరిట ఇవ్వరు. దాన్ని శ్రీసభ లెక్కలోకి తీసుకోదు. బాప్తిస్మం లేనివారితో పెళ్ళయితే మామూలు అనుమతి చాలదు, అడ్డంకి తొలగించే మినహాయింపే కావాలి. హిందూ అబ్బాయిని చేసుకునే నీ స్నేహితురాలు అడిగితే ఇదే చెప్పు.

ఇంకొక ముఖ్యమైన మాట. ఉదయం మన గుడిలో, సాయంత్రం వాళ్ళ గుడిలో రెండుసార్లు పెళ్ళి చేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకు. ఒకసారి ఇచ్చిన మాటను ఇంకో చోట మళ్ళీ ఇప్పించడం శ్రీసభ చట్టం కుదరదంటుంది. వాళ్ళ పాస్టర్ గారిని మన గుడికి ఆహ్వానించండి, ఒక ప్రార్థన చేయమనండి, వాక్యం చదవమనండి. ఫాదర్ గారిని అడిగితే సంతోషంగా ఒప్పుకుంటారు. ఇలాంటి పెళ్ళి దివ్యబలి పూజ (మాస్) లేకుండా చేయడం మామూలు. పూజతో కావాలంటే బిషప్ గారి సమ్మతి కావాలి. నన్నడిగితే పూజ లేకుండానే మేలు. పూజ ఉంటే వాళ్ళ చుట్టాలందరూ సత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకోకుండా కూర్చుండిపోవాలి, పెళ్ళిరోజున అది వాళ్ళకు చిన్నతనంగా ఉంటుంది.

తర్వాత ప్రశ్నలు. ఫాదర్ గారు నిన్నూ అబ్బాయినీ విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు. ఎవరైనా బలవంతం చేశారా, ఏదైనా షరతు పెట్టుకున్నారా, ఇంతకుముందు పెళ్ళయిందా, ఒకరికొకరు చెప్పకుండా దాచినవి ఉన్నాయా. గదిలో నాన్న ఉండడు, నేనూ ఉండను. ఆ ఏకాంతం నీ కోసమే. కట్నం గురించి లోపల్లోపల నలుగుతుంటే అక్కడ చెప్పు. జబ్బో, అప్పో, పాత సంబంధమో ఉంటే అబ్బాయికి ముందే చెప్పి వెళ్ళు. మోసం చేసి ఒప్పించిన పెళ్ళి చెల్లదని తర్వాత శ్రీసభ న్యాయస్థానమే తేల్చే అవకాశం ఉంది. పెళ్ళికి ముందు క్లాసులు కూడా ఉంటాయి, మేత్రాసనం (బిషప్ గారి డయోసిస్) వాళ్ళు పెడతారు. సెలవు దొరకదని వంక పెట్టకు. డబ్బు ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీద అక్కడ అరగంట మాట్లాడుకున్నా ఆ క్లాసుకు వెళ్ళినందుకు ఫలితం దక్కినట్టే.

ఆదివారం పూజలో మీ ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. ఎవరూ ఏమీ చెప్పరు, పక్కవాళ్ళు నీ వైపు తిరిగి నవ్వుతారు, అంతే.

అన్నట్టు, మీ చెల్లికి మేనత్త కొడుకు సంబంధం అనుకుంటున్నారట. లెక్క నేర్చుకో: మీ చెల్లి ఒకటి, మీ నాన్న రెండు, మేనత్త మూడు, బావ నాలుగు. తాతను లెక్కలో వేయరు. నాలుగో మెట్టు దాకా రక్తసంబంధం పెళ్ళికి అడ్డమే, కాబట్టి మేనరికానికి బిషప్ గారి మినహాయింపు తప్పనిసరి. మేనమామ అయితే మూడో మెట్టు. ఆ మాట ఎత్తకపోవడమే నయం.

పెళ్ళి రోజు గురించి నాకున్న పట్టుదల ఒక్కటే. మన పెళ్ళిలో అసలు ఘట్టం తాళి కట్టడం కాదు, మీ ఇద్దరి నోటి మాట. ఆ సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది మీరిద్దరే. ఫాదర్ గారు శ్రీసభ తరఫున ఆ మాట అడిగి తీసుకుంటారు. తర్వాత ఉంగరాలు, సిలువ గుర్తున్న తాళి ఆశీర్వదించి ఇస్తారు. కానీ మన వాళ్ళేం చేస్తారు? తాళి కట్టేటప్పుడు అందరూ లేచి నిలబడి అక్షింతలు విసురుతారు, మాటిచ్చేటప్పుడు మాత్రం వెనక బెంచీల్లో కబుర్లు. ఫోటోగ్రాఫర్ "మేడం, ఇటు చూడండి" అంటాడు. అమ్మాయి తలదించుకుని గొణుగుతుంది, మైకు పెదవులకు జానెడు దూరంలో ఉంటుంది, మొదటి వరుసకు కూడా వినపడదు. నువ్వు అలా చేయకు. ఆ వాక్యాలు ముందే తెచ్చుకుని ఇంట్లో పైకి చదువు. ఆ రోజు మైకు దగ్గరికి జరుపుకుని, కెమెరా వైపు కాకుండా అబ్బాయి వైపు తిరిగి చెప్పు. ఫోటోగ్రాఫర్‌ను బలిపీఠం మెట్లు ఎక్కొద్దని ముందు రోజే హెచ్చరించు.

పఠనాలు మీరే ఎంచుకోవచ్చు. తోబీతు గ్రంథంలో కొత్త దంపతుల ప్రార్థన నాకు చాలా ఇష్టం, కానీ అబ్బాయి వాళ్ళ బైబిల్లో ఆ గ్రంథం ఉండదు. వాళ్ళక్క చేత కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 13వ అధ్యాయం చదివించు, అది రెండు ఇళ్ళకూ తెలిసినదే. సినిమా పాటలు రిసెప్షన్‌కు దాచుకోండి. చీర తెల్లదా, క్రీం రంగుదా అన్నది మీ పెద్దమ్మను అడుగు. ఆ గొడవలో నేను దూరను.

ఇద్దరు సాక్షులు ఉండాలి, మీ వైపు ఒకరు, వాళ్ళ వైపు ఒకరు అయితే బాగుంటుంది. రిజిస్టరులో సంతకం పెట్టే ముందు పేరు స్పెల్లింగ్ ఒక్కో అక్షరం ఆధార్‌తో సరిచూసుకో. గుడి సర్టిఫికెట్‌తో పని అయిపోయిందనుకోకు. 2002 నాటి మన రాష్ట్ర వివాహ రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏ మతం పెళ్ళయినా ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించాల్సిందే. అబ్బాయి డల్లాస్ వెళ్తాడంటున్నారు కదా, వీసాకు ఆ కాగితం పనికొస్తుంది.

ఈ ఆదివారం పూజయ్యాక ఫాదర్ గారి చెవిన ఒక మాట వేస్తాను. మీరు మాత్రం శనివారం రండి. ఆదివారాలు ఆయన చుట్టుపక్కల ఊళ్ళకు పూజకు వెళ్తారు, నిలబడి మాట్లాడే తీరిక కూడా ఉండదు. ఆధార్ జిరాక్సులు, అబ్బాయి బాప్తిస్మం సర్టిఫికెట్ తెచ్చుకోండి. మధ్యాహ్నం భోజనం మన ఇంట్లోనే. హాలు అడ్వాన్స్ అప్పటిదాకా ఆపమని మీ నాన్నకు నేను చెప్పాను, నువ్వు కూడా గట్టిగా చెప్పు.

ప్రేమతో,
పెద్దనాన్న