పాత ఇంగ్లీషు పదాలు తెలిసి ఏం లాభం? ఇంటి కాగితాలు చదివేవాడి జవాబు

మీరు అడిగింది ఇదీ: ఇప్పుడు ఎవరూ వాడని పాత ఇంగ్లీషు పదాలు మీకు ఎక్కడ ఎదురయ్యాయి, వాటి అర్థాలు తెలిస్తే ఉపయోగం ఏమైనా ఉందా?

నాకు రోజూ ఎదురవుతాయి. సికింద్రాబాద్‌లో ఒక లాయరుగారి ఆఫీసులో పనిచేస్తాను. ఇంటి లోన్ ఇచ్చే ముందు బ్యాంకువాళ్లు లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఇంతకు ముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీలు (దాని మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్లు) మాకు పంపి టైటిల్, అంటే యాజమాన్య హక్కు, సరిగ్గా ఉందో లేదో చెప్పమంటారు. మా దగ్గరికి వచ్చే పాత బంగళాల కాగితాలు చాలావరకు ఇంగ్లీషువే. అయితే అది మనం బళ్లో చదువుకున్న ఇంగ్లీషు కాదు. పేజీలకు పేజీలు ఒకటే వాక్యం నడుస్తుంది, కామా కూడా ఉండదు.

కొత్తగా చేరినవాళ్లు వింత మాటల్ని చూసి బెదిరిపోతారు. మెస్యుయేజ్, హెరెడిటమెంట్స్, అపర్టెనెన్సెస్ లాంటివన్నమాట. నిజానికి వీటితో ప్రమాదం లేదు. తెలియని మాట అని తెలుస్తూనే ఉంటుంది కాబట్టి డిక్షనరీ తీస్తాం. మెస్యుయేజ్ అంటే ఇల్లు, పెరడు, ఔట్‌హౌసు అన్నీ కలిపి. హెరెడిటమెంట్స్ అంటే వారసులకు సంక్రమించే ఆస్తి. అపర్టెనెన్సెస్ అంటే ఆస్తిని అంటిపెట్టుకుని ఉండే దారి హక్కు, నీటి హక్కు వగైరా. మన తెలుగు దస్తావేజుల్లో "నిధి నిక్షేప జల పాషాణ" అంటూ అష్టభోగాలు ఏకరువు పెట్టరూ, ఇదీ ఆ బాపతే. ఈ దండకం లేకపోయినా కొంప మునగదు. వేరేగా రాసుకుంటే తప్ప, ఇల్లు బదిలీ చేస్తే దాని తాళాలు, తాళంచెవులు, గడియలు, తలుపులు, కిటికీలతో సహా బదిలీ అయినట్టేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షనే చెబుతుంది.

అసలు చిక్కంతా తెలిసినట్టే కనిపించే మాటలతో. ఒకాయన వాళ్ల తాతగారి కాలంనాటి దుకాణం లీజు కాగితం పట్టుకుని పెద్ద టెన్షన్‌తో వచ్చాడు. "ది లెస్సర్ (లీజుకిచ్చే ఓనరు) డత్ హియర్‌బై డిమైజ్" అన్న చోట పెన్సిల్‌తో రెండు గీతలు గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకొచ్చాడు. "ఓనరు అప్పటికే పోయాడని ఇందులోనే రాశారండీ, మరి కింద సంతకం ఎవరు పెట్టినట్టు? ఫోర్జరీ కేసు వేద్దామా?" అని అడిగాడు. ఆయన తప్పేం లేదు. సంతాప ఫ్లెక్సీల మీద 'శాడ్ డిమైజ్' అని చూసీ చూసీ మనకు ఆ ఒక్క అర్థమే తెలుసు.

లీజులో డిమైజ్ అంటే ఆస్తిని లీజుకు ఇవ్వడం, అంతే. ఆస్తిని బదిలీ చేయడమన్నదే ఆ మాటకు ముందున్న అర్థం. రాజు పోతే రాజ్యం వారసుడికి బదిలీ అవుతుంది కాబట్టి దాన్ని 'డిమైజ్ ఆఫ్ ది క్రౌన్' అనేవారు. పోనుపోను బదిలీ సంగతి మరుగున పడి, చావు ఒక్కటే మిగిలింది. ఇప్పటి షాపింగ్ కాంప్లెక్సుల లీజుల్లోనూ 'డిమైజ్డ్ ప్రెమిసెస్' అని ఉంటుంది, చూసి కంగారు పడకండి.

'క్వయట్ ఎంజాయ్‌మెంట్' కూడా అలాంటిదే. పక్కింటివాళ్లు డీజే పెట్టకూడదని కాదు దాని అర్థం. అద్దె సరిగ్గా కడుతున్నంత కాలం ఓనరు గానీ, ఓనరు తరఫున హక్కు చెప్పుకునేవాళ్లు గానీ వచ్చి మిమ్మల్ని కదిలించకూడదని. మన దస్తావేజుల్లో అనుభవం అంటామే, ఆ ఎంజాయ్‌మెంట్ ఇది. ఇక డీడ్‌ను, అంటే దస్తావేజును, 'ఎగ్జిక్యూట్' చేయడమంటే రాసి సంతకం పెట్టి ఇవ్వడం, ఉరి తీయడం కాదు.

పాత నోటీసుల్లో తేదీల పక్కన కనిపించే ఇన్‌స్టంట్, అల్టిమో, ప్రాక్సిమో అనే మూడింటిని మాత్రం గుర్తు పెట్టుకోండి. వరసగా ఈ నెల, పోయిన నెల, వచ్చే నెల అని వాటి అర్థం. "మీ 28 అల్టిమో ఉత్తరం అందింది" అని ఆగస్టులో రాస్తే అది జూలై 28 నాటి ఉత్తరం. గడువు లెక్క కట్టేటప్పుడు ఇక్కడ పొరపాటు పడితే నెల రోజులు తేడా వస్తుంది.

రెలిక్ట్ అనే మాట అరుదుగానే కనిపిస్తుంది గానీ, కనిపిస్తే నేను ఆగి చదువుతాను. 'రెలిక్ట్ ఆఫ్ లేట్ ఫలానా' అంటే కీర్తిశేషులైన ఫలానావారి భార్య. 1956 హిందూ వారసత్వ చట్టానికి ముందు భర్త ఆస్తి మీద హిందూ వితంతువుకు ఉండేది చాలావరకు పరిమిత హక్కే. అవసరం ఉంటే తప్ప ఆమె అమ్మిన అమ్మకం ఆమె తర్వాత చెల్లకుండా పోయే వీలుండేది. అందుకే అప్పటి అమ్మకంలో ఆ మాట ఉంటే, ఏ అవసరానికి అమ్మిందో రాశారా లేదా అని వెతుకుతాం.

నాకు బాగా నచ్చిన మాట ఇండెంచర్. ఒకే తోలు కాగితం మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో వంకరటింకరగా కోసి, చెరో ముక్కా తీసుకునేవారు. తగాదా వస్తే రెండు ముక్కల అంచులు కలిపి చూసేవారు, దొంగ కాగితమైతే పళ్లు కలవవు. ఆ పేరులో ఉన్నదీ పన్నే, డెంటిస్టులో ఉన్న డెంట్. అలా కోయకపోయినా చెల్లుతుందని ఇంగ్లండులో 1845లో చట్టం చేశారు గానీ, పేరు మాత్రం పోలేదు. మారిషస్, దక్షిణాఫ్రికాలోని నాటాల్, ఫిజీ వెళ్లిన మన తెలుగు కూలీలను 'ఇండెంచర్డ్' కూలీలు అన్నది కూడా ఈ మాటతోనే. ఫిజీలో వాళ్ల నోట 'అగ్రిమెంటు' గిర్మిట్ అయింది.

ఈ మాటలన్నీ తీసేసి తేలిక ఇంగ్లీషులో రాయొచ్చు కదా అంటే, నిక్షేపంగా రాయొచ్చు. ఒక అమ్మకం డ్రాఫ్టులో 'విట్నెసెత్' తీసేశాను. 'ఈ పత్రం సాక్ష్యమిస్తున్నది ఏమనగా' అన్నదానికి మించి దాని వల్ల ఒరిగేదేమీ లేదు. కొనేవాళ్ల నాన్నగారు పాత దస్తావేజునూ నా డ్రాఫ్టునూ పక్కపక్కన పెట్టుకుని చూసి, "పాతదాంట్లో పెద్దక్షరాలతో ఏదో ఉంది, ఇందులో లేదేంటి బాబూ? మావాడు కోటి పెట్టి కొంటున్నాడు" అన్నారు. మళ్లీ పెట్టి ఇచ్చాను.