ప్రింటు ఎంత ముదురుగా ఉండాలి?

తిరుపతి

చి. మధుకు, మామయ్య ఆశీస్సులు.

డార్క్‌రూములో తీసే నలుపు-తెలుపు ఫోటో ప్రింటు ఎంత ముదురుగా ఉంటే బాగుంటుందని అడిగినావు. అది నీ కన్నే చెప్పాల. అయితే దానికి ముందు నెగెటివులో సరుకుండాల. నీడలోని వివరం ఫిల్ము మీదికి ఎక్కకపోతే ఇంక నీ ఇష్టానికి చోటే లేదు, వచ్చిన నలుపుతో సరిపెట్టుకోవాల్సిందే.

చంద్రగిరి రాజమహల్ తీసుకో. ఆర్చీల లోపల చీకటి, ముందర పొద్దుటెండలో తెల్లపంచె కట్టుకున్న పెద్దాయన. నీడకు వెలుతురు చాలేట్టు, 400 ఐఎస్ఓ ఫిల్ముకు వెలుతురు కొలిచే మీటరును 200 దగ్గర పెట్టు. ఆర్చి కిందికి పోయి, గోడ గరుకు కనబడాలనుకున్న చోటును మాత్రమే కొలువు. ఎఫ్/8కి (లెన్సు రంధ్రం కొలత) సెకనులో 30వ వంతు చూపిందనుకో. మీటరు దేన్ని చూసినా నడిమి బూడిదరంగు చేయమంటుంది. నీడ నీడగానే ఉండాల గనక రెండు స్టాపులు తగ్గించి (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది) సెకనులో 125వ వంతులో తీయి. ఇప్పుడు పంచెను కొలువు. అదే ఎఫ్/8కి 2000 వచ్చిందా, నువ్వు పెట్టినదానికి నాలుగు స్టాపులు పైనుంది. మామూలుగా డెవలప్ చేస్తే పంచె మడతలు ప్రింటులో సున్నం పూసినట్టు కలిసిపోతాయి. 10 నిమిషాల డెవలపింగును 8కి తగ్గించు. ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి అమెరికా ఫోటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్ జోన్ సిస్టమని పద్ధతిగా కట్టింది దీన్నే.

మన ఎండాకాలంలో మిద్దెమీది ట్యాంకు నీళ్లతో ఈ లెక్కంతా చెడుతుంది. డెవలపరు ద్రావణం వేడిగా ఉంటే టైము 5 నిమిషాల లోపుకు పడిపోయి, ఫిల్ము మీద చారలు, మచ్చలు వస్తాయి. ఐసును డెవలపర్లో వేయొద్దు, పలచబడుతుంది. సీసాను ఐసునీళ్ల బకెట్లో దించి 20 డిగ్రీలకు తెచ్చుకో.

ప్రింటుకు గ్రేడ్ 2తో మొదలుపెట్టు; గ్రేడు నెంబరు పెరిగేకొద్దీ నలుపుతెలుపుల తేడా పెరుగుతుంది. నెగెటివును పేపరు మీదికి పెద్దది చేసి వేసే ఎన్లార్జరు లెన్సు ఎఫ్/8లో పెట్టి, టెస్ట్ స్ట్రిప్పుకు (పరీక్షించే పేపరు ముక్క) ముక్కముక్కకూ మొత్తం 8, 11, 16, 22, 32 సెకన్లు పడేట్టు అట్ట జరుపు. స్ట్రిప్పు పంచె మీదనే పడాల. మడతల మధ్య లేత బూడిదరంగు ఎక్కడ మొదలవుతుందో అదే నీ టైము. నలుపును మటుకు టైముతో సరిచేయొద్దు, గ్రేడుతో చెయ్. ఆర్చీ పాలిపోతే 2½, 3 గ్రేడులకు పో, టైము మళ్లీ చూసుకో.

డార్క్‌రూములో వేసుకునే సేఫ్‌లైటు కింద ప్రింటు ఉన్నదానికన్నా ముదురుగా కనబడుతుంది. దానికి భయపడి డెవలపరు ట్రేలోంచి తొందరగా లాగేస్తారు, నలుపు బురదలా తేలుతుంది. ఆర్‌సీ (ప్లాస్టిక్ పూతున్న) పేపరుకు నిమిషం, ఆ పూత లేని ఫైబర్ పేపరుకు రెండు నిమిషాలు పూర్తిగా ఉండనీ. ఎక్కువ ముదిరితే ఇంకో కాగితానికి టైము తగ్గించు.

ఫైబర్ పేపరు ఆరినాక ఇంకొంచెం ముదురుతుంది, తెలుపు కాస్త మూసుకుంటుంది. తడిమీద 16 సెకన్లు నచ్చితే 15కి తీయి. ఎంత తగ్గించాలో నీ పేపరే చెబుతుంది: తడి ప్రింటు పక్కన అదే టైముతో తీసి ఆరబెట్టినది పెట్టి చూడు. ఫిక్సరు (బొమ్మను నిలబెట్టే ద్రావణం) ట్రే మీద పెద్ద బల్బు వేసుకుని చూసేవాళ్ల ప్రింట్లన్నీ ఇంట్లో నల్లగా కనబడేది కూడా ఇట్లాగే, ఆ వెలుతురు హాల్లో ఉండదు.

నీ రుచి తేలేది ఇక్కడ. ఒకే గ్రేడులో 13, 15, 17 సెకన్లకు మూడు ప్రింట్లు తీసి, ఆరినాక హాలు గోడకు వరసగా గుచ్చు. వారం రోజులు పగలూ రాత్రీ చూడు. నాకైతే ఆర్చి లోపల గోడ ఉందా లేదా అన్నట్టు ముదురుగా ఉన్నదే ఇష్టం. నీకు 13 నచ్చితే అదే పెట్టుకో, నా కోసం ముదర్చొద్దు. పంచె అంచు కూడా తెలుపులో కరిగిపోతేనే మటుకు దాన్ని వదిలెయ్.

వెనక పెన్సిలుతో టైము, గ్రేడు, ఎఫ్ నెంబరు, ఎన్లార్జరు కాలమ్ (నిలువు కమ్మీ) ఎత్తు రాయి. కొత్త ప్యాకెట్ విప్పినప్పుడు ఒక స్ట్రిప్పు తీసి సరిచూసుకో, బ్యాచి మారితే పేపరు వేగం మారొచ్చు.

మీ మామయ్య